గణకయంత్ర పరిచయము: అడిగి తీసికొన్న చోటును అప్పగించు విధము

నేడు మన ఉద్యోగుల కుటుంబములలో కంప్యూటరు చదువు చదువుచున్న పిల్లలు లేని ఇల్లు అరుదు. వారిలో సీ ప్లస్ ప్లస్ భాషను అభ్యసించుచున్నవారిని "ఏ పాఠము కొరుకుడు పడుట లేదు?" అని అడిగినచో, పెక్కుమంది చెప్పు సమాధానములు రెండే. మొదటిది పాయింటర్లు. రెండవది, ప్రోగ్రాము నడచుచుండగనే ఆబ్జెక్టుల వరుసకు మెమొరీని కేటాయించుకొని, పని ముగిసిన పిమ్మట దానిని తిరిగి అప్పగించుట. క్లాసు అననేమి, ఆబ్జెక్టు అననేమి అను విషయములను ఈ శీర్షికలో లోగడ ముచ్చటించుకొంటిమి. ఈ మాసము ఆ రెండవ చిక్కుముడిని విప్పుటకు పూనుకొందము.

ఇది పరీక్షలో నాలుగు మార్కులు తెచ్చిపెట్టు ప్రశ్న మాత్రమే అని పిల్లలు తలంపరాదు. విద్యుత్కేంద్రములు, ఉక్కు కర్మాగారములు, రైలు రిజర్వేషను కేంద్రములు రాత్రింబవళ్ళు ఆగక నడచునట్టివి. అచ్చటి ప్రోగ్రాములు తాము తీసికొన్న చోటును సరిగా అప్పగింపకపోయినచో ఏమి జరుగునో తెలుపు ఉదంతమొకటి ఈ వ్యాసములోనే చెప్పుదుము. కంప్యూటరు పరిచయము లేని పెద్దలకు సైతము బోధపడుటకై, ఉదాహరణలను మనకందరకు తెలిసిన రైలు పట్టాల మీదనుండి తీసికొందము.

కర్గీ రోడ్ అను చిరునామా

బిలాస్‌పూర్ నుండి కట్ని వైపు పోవు రైలు మార్గమున ఉస్లాపూర్, ఘుట్కూ, కల్మీటార్ స్టేషన్లు దాటిన పిమ్మట కర్గీ రోడ్ అను స్టేషను వచ్చును. ఇది 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీవారు వేసిన మార్గము. ఆ కంపెనీ పట్టాలు మన విజయనగరము, వాల్తేరుల వరకు వ్యాపించియుండుటచే, ఉత్తరాంధ్ర కుటుంబములు పెక్కు ఉద్యోగములకై ఖరగ్‌పూర్, బిలాస్‌పూర్ వంటి రైల్వే పట్టణములకు తరలిపోయినవి. వారి తరువాతి తరములవారు నేటికిని అక్కడ ఇంట తెలుగు, బయట హిందీ మాటలాడుచు స్థిరపడియున్నారు. 2003 ఏప్రిల్ 5వ తేదీనుండి బిలాస్‌పూర్ ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రమైనది.

స్టేషను పేరు కర్గీ రోడ్ ఐనను, దానిని ఆనుకొనియున్న ఊరి పేరు కోటా. 2006లో నెలకొల్పబడిన డాక్టర్ సి. వి. రామన్ విశ్వవిద్యాలయము ఈ ఊరనే కలదు. కంప్యూటరు కోర్సులును అందు బోధింపబడుచున్నవి. కావున మన పాఠమునకు ఈ స్టేషనునే ఎన్నుకొనుటలో ఔచిత్యము కలదని తలచుచున్నాము.

రైల్వేవారు ప్రతి స్టేషనుకును ఒక సంక్షిప్త సంకేతమును ఇత్తురు. కర్గీ రోడ్ సంకేతము "కె.జి.బి." ఈ మూడక్షరములను చిన్న కాగితముపై వ్రాసి జేబులో వేసికొనవచ్చును. కాని ఆ కాగితము స్టేషను కాదు. స్టేషనును చేరుటకు గుర్తు మాత్రమే. సీ ప్లస్ ప్లస్ భాషలో పాయింటరు అనబడునది ఇట్టి కాగితమే. మెమొరీలో ఒక వస్తువు ఎచ్చట నున్నదో ఆ చోటు సంఖ్య దానియందుండును. కాగితమును చించివేసినంత మాత్రమున స్టేషను అదృశ్యము కాదు. అట్లే పాయింటరు పోయినంత మాత్రమున మెమొరీలోని వస్తువు పోదు. ఐతే దానిని చేరు దారి మనకు మూసికొనిపోవును. ఈ ఒక్క భేదమును మనసున నిలుపుకొన్నవారికి మిగిలిన పాఠమంతయు సులభము.

ముందే కట్టిన పెట్టె, అప్పటికప్పుడు కూర్చిన రేకు

పాత నమూనా స్లీపరు పెట్టెలో 72 బెర్తులుండును. ప్రయాణికులు 5గురే ఐనను 72 బెర్తుల పెట్టె పోవలసినదే. 73వ వాడు వచ్చినచో ఆ పెట్టెలో అతనికి చోటు లేదు. ప్రోగ్రాము వ్రాయునపుడే "72 అంకెలు పట్టు వరుస కావలెను" అని సంఖ్యను స్థిరపరచి ప్రకటించుట ఇట్టిది. సంఖ్య ముందుగనే తెలిసిన పనులకు ఈ పద్ధతియే మేలు. వారములో దినములు ఏడు, సంవత్సరమునకు మాసములు పన్నెండు. ఇవి పెరుగవు, తరుగవు.

గూడ్సు రైలు విషయము వేరు. కర్గీ రోడ్ మీదుగా పోవు ఒక రైలులోని వ్యాగన్ల పట్టికను ప్రోగ్రాము తయారుచేయవలెననుకొందము. బొగ్గును మోయు బాక్స్ ఎన్ రకపు రేకులో సాధారణముగా 58 వ్యాగన్లు, వాని వెనుక బ్రేకు వ్యాను ఉండును. సిమెంటు రేకు, నూనె ట్యాంకుల రేకు వచ్చినపుడు సంఖ్య మారును. ఏ రైలు వచ్చునో ప్రోగ్రాము వ్రాసిన నాడు తెలియదు. రైలు వచ్చిన నాడే తెలియును. ఇట్టి సందర్భములలో ప్రోగ్రాము నడచుచుండగనే "ఇప్పుడు నాకు 58 వ్యాగన్లకు సరిపడు చోటు కావలెను" అని అడుగవలెను. కంప్యూటరులో ఇట్లు అడిగినవారికి ఇచ్చుటకై విడిగా నుంచిన మెమొరీ భాగమును హీపు అందురు. అడిగిన వెంటనే హీపు నుండి ఒకే వరుసలో ఎడతెగని చోటు లభించి, దాని మొదటి చిరునామా పాయింటరు రూపమున మన చేతికి వచ్చును.

ప్రతి వ్యాగనును గురించి మనము ఏమేమి వ్రాసికొందుము? భారతీయ రైల్వేలలో వ్యాగనుకు 11 అంకెల సంఖ్య కలదు. అందు మొదటి రెండు అంకెలు వ్యాగను రకమును, తరువాతి రెండు సొంతదారు రైల్వేను, ఆపై రెండు తయారైన సంవత్సరమును, పిమ్మటి నాలుగు వరుస సంఖ్యను తెలుపును. చివరిది తప్పు పట్టుటకై ఉంచిన తనిఖీ అంకె. ఈ సంఖ్య, మోయుచున్న సరుకు, దాని బరువు, చేరవలసిన స్టేషను కలిసి ఒక ఆబ్జెక్టు. దీనికి 40 బైట్ల చోటు పట్టునని అనుకొన్నచో, 58 వ్యాగన్లకు 58 x 40 = 2,320 బైట్లు కావలెను.

"న్యూ" చేయు రెండు పనులు

సీ ప్లస్ ప్లస్ భాషకు మాతృక సీ భాష. అందు "మాలాక్" అను సాధనము కలదు. దానిని 2,320 బైట్లు అడిగినచో ఖాళీ చోటు మాత్రమే ఇచ్చును. అందు పూర్వము ఎవరో వ్రాసి వదలిన చెత్త ఉన్నను ఉండవచ్చును. ఇది ఖాళీ పట్టాను చూపి "ఇదిగో, నీ రైలు" అనుట వంటిది. పట్టా ఉన్నది కాని వ్యాగన్లు లేవు.

సీ ప్లస్ ప్లస్ భాషలోని "న్యూ" అను పదము రెండు పనులను చేయును. మొదటిది, హీపు నుండి చోటును సంపాదించుట. రెండవది, ఆ చోటులో ఒక్కొక్క ఆబ్జెక్టును వరుసగా నిర్మించుట. ఈ నిర్మాణమును చేయు భాగమునకు కన్‌స్ట్రక్టరు అని పేరు. "న్యూ" అని వ్రాసి, క్లాసు పేరు వ్రాసి, చదరపు బ్రాకెట్ల నడుమ 58 అని వ్రాసినచో కన్‌స్ట్రక్టరు 58 మారులు పనిచేయును: మొదటి వ్యాగనుకు ఒకసారి, రెండవదానికి ఒకసారి, ఇట్లు చివరి వరకు. అనగా మన చేతికి వచ్చునది ఖాళీ పట్టా కాదు. తనిఖీ ముగిసి, బ్రేకులు పరీక్షింపబడి, కదలుటకు సిద్ధముగా నున్న రేకు.

ఇచ్చట విద్యార్థులు తరచుగా తడబడు అంశములు రెండు కలవు. 58 ఆబ్జెక్టులను ఒక్కసారిగా నిర్మింపుమని చెప్పినపుడు, ఒక్కొక్కదానికి విడివిడిగా వివరములు ఇచ్చుటకు సాధారణముగా వీలుండదు. కాబట్టి ఏ వివరమును అడుగకయే ఆబ్జెక్టును నిర్మింపగల కన్‌స్ట్రక్టరు ఆ క్లాసునందు ఉండవలెను. అది లేనిచో కంపైలరు ప్రోగ్రామును అంగీకరింపదు. "ఒక్క ఆబ్జెక్టును చేయగలిగితిని, వరుసను చేయలేకున్నాను" అని పిల్లలు మొరపెట్టుకొనుటకు కారణము చాల సార్లు ఇదియే.

రెండవది మరింత సూక్ష్మము. 30 వ్యాగన్లు నిర్మింపబడిన పిమ్మట 31వ దానిలో లోపము బయటపడినచో ఏమగును? భాష ఇచ్చట చక్కని క్రమశిక్షణను పాటించును. పూర్తియైన 30 ఆబ్జెక్టులను చివరినుండి మొదటికి ఒక్కొక్కటిగా విప్పివేసి, మొత్తము చోటును హీపునకు అప్పగించి, పిమ్మట లోపమును మనకు తెలియజేయును. సగము కట్టిన రేకు మన చేతికి ఎన్నటికిని రాదు.

ఎల్.వి. పలక చెప్పు పాఠము

తీసికొనుట ఎట్లో చూచితిమి. ఇక అప్పగించుట. మేము చెప్పదలచిన ముఖ్య విషయము ఇచ్చటనే ఉన్నది: విడిగా అడిగినదానిని విడిగాను, వరుసగా అడిగినదానిని వరుసగాను అప్పగింపవలెను.

ఒక్క ఆబ్జెక్టును "న్యూ" చేత తెచ్చుకొన్నచో "డిలీట్" అని వ్రాసి పాయింటరు పేరు వ్రాసిన చాలును. ఆబ్జెక్టుల వరుసను తెచ్చుకొన్నచో "డిలీట్" పదము పక్కన ఖాళీగా నున్న చదరపు బ్రాకెట్ల జతను తప్పక వ్రాయవలెను. చూచుటకు రెండు గీతల భేదమే. ఐనను దాని ప్రాముఖ్యము ఎంతటిదో తెలిసికొనుటకు మరల స్టేషనుకు పోదము.

ప్రతి రైలు చివరి పెట్టె వెనుక "ఎల్.వి." అని వ్రాసిన పలకను వ్రేలాడదీయుట రైల్వేవారి ఆచారము. ఇదియే చివరి పెట్టె అని దాని అర్థము. రాత్రివేళ ఎర్రని దీపము ఆ పనిని చేయును. ఇంజను స్టేషనుకు చేరినదని చూచి స్టేషను మాస్టరు సంతృప్తి చెందడు, ఎల్.వి. పలకను కన్నులార చూచిన తరువాతనే, రైలు సంపూర్ణముగా వచ్చినదని వెనుకటి స్టేషనుకు తెలుపును. అప్పటివరకు ఆ రెండు స్టేషన్ల నడుమనున్న పట్టా మరియొక రైలునకు ఇవ్వబడదు. కర్గీ రోడ్ దాటి ముందుకు పోయినచో ఖోంగ్‌సరా, భన్వర్ టోంక్ ప్రాంతమున మార్గము కొండలనెక్కును. అట్టి చోట కప్లింగు తెగి నాలుగు వ్యాగన్లు వెనుక నిలిచిపోయినవనుకొందము. ఇంజనును మాత్రమే చూచి "పట్టా ఖాళీ" అని చెప్పినచో వెనుక వచ్చు రైలు గతి ఏమి?

బ్రాకెట్లు లేని "డిలీట్" ఇంజనును మాత్రమే చూచి పట్టా ఖాళీ అని చెప్పుట వంటిది. ఆబ్జెక్టును విప్పు భాగమునకు డిస్ట్రక్టరు అని పేరు. బ్రాకెట్లున్నచో డిస్ట్రక్టరు 58 మారులు, చివరి వ్యాగను నుండి మొదటిదానికి, పనిచేయును. లేనిచో పెక్కు కంపైలర్లలో మొదటి ఆబ్జెక్టుకు మాత్రమే పనిచేసి, మిగిలిన 57 ఆబ్జెక్టులను వదలివేయును. అంతటితో ఆగక, అప్పగింపవలసిన చోటు చిరునామా కూడ తప్పి, హీపు లెక్కలు చెడిపోవచ్చును. భాషా ప్రమాణ గ్రంథము దీనినిగూర్చి "ఫలితము నిర్వచింపబడలేదు" అని ఊరకుండును. అనగా ఒకనాడు ఏమియు జరుగకపోవచ్చును. మరియొకనాడు, సంబంధములేని మరియొక చోట, ప్రోగ్రాము కూలిపోవచ్చును. ఇట్టి దోషమును పట్టుటకు రోజుల తరబడి శ్రమింపవలసివచ్చును.

మరి అప్పగించునపుడు 58 అను సంఖ్యను మనము చెప్పుట లేదు కదా, కంప్యూటరుకు ఎట్లు తెలియును? ఈ ప్రశ్న వేసిన పిల్లవాడు బుద్ధిమంతుడు. డిస్ట్రక్టరు గల ఆబ్జెక్టుల వరుసను అడిగినపుడు, పెక్కు కంపైలర్లు వరుసకు ముందు కొద్ది చోటును అదనముగా తీసికొని, అందు సంఖ్యను వ్రాసి ఉంచును. మన లెక్కలో 2,320 బైట్లకు మరి 8 బైట్లు చేరి 2,328 కావచ్చును. మన చేతికి వచ్చు చిరునామా మాత్రము మొదటి వ్యాగనుది. బ్రాకెట్లు గల "డిలీట్" ఒక అడుగు వెనుకకు పోయి, ఆ సంఖ్యను చదివి, అన్ని మారులు డిస్ట్రక్టరును పిలుచును. బ్రాకెట్లు లేని "డిలీట్" అటు చూడనే చూడదు.

ఈ ఏర్పాటు వెనుక చిన్న చరిత్ర కలదు. బ్యార్నె స్ట్రౌస్ట్రప్ అను డెన్మార్కు దేశీయుడు అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో 1979లో ఈ భాషకు అంకురార్పణ చేసెను. 1983లో దానికి సీ ప్లస్ ప్లస్ అను పేరు వచ్చెను. 1985లో వాణిజ్య రూపమున వెలువడెను. తొలి రోజులలో వరుసను అప్పగించునపుడు ఆబ్జెక్టుల సంఖ్యను కూడ ప్రోగ్రాము వ్రాయువాడే బ్రాకెట్లలో వ్రాయవలసియుండెను. తీసికొనునపుడు ఒక సంఖ్య, అప్పగించునపుడు మరియొక సంఖ్య వ్రాయుట మానవ సహజము. అందుచేత 1990 నాటికి ఆ భారమును మనిషి మీదనుండి తీసి కంపైలరుపై ఉంచిరి. మనిషికి మిగిలినది ఖాళీ బ్రాకెట్ల జత మాత్రమే. అంత తేలిక చేసిన పిమ్మట సైతము దానిని మరచుట మనకు తగదు.

చిన్న మరపు, పెద్ద నష్టము

తప్పుగా అప్పగించుట ఒక దోషము. అసలు అప్పగింపకుండుట మరియొకటి. పాయింటరు అను కాగితము పోయి, హీపులోని చోటు ఎవరికిని అక్కరకు రాక పడియుండుటను మెమొరీ లీకు అందురు. కుళాయి నుండి బొట్టుబొట్టుగా నీరు కారుట వంటిది ఇది. కారునప్పుడు చప్పుడు కూడ వినబడదు.

ఒక చిన్న లెక్క వేయుదము. దినమునకు 60 రైళ్ళ పట్టికలను తయారుచేయు ప్రోగ్రాము, ప్రతి రైలుకు తీసికొన్న 2,320 బైట్లను అప్పగించుట మరచినదనుకొందము. దినమునకు 1,39,200 బైట్లు పోవును. 64 మెగాబైట్ల మెమొరీ, అనగా 6,71,08,864 బైట్లు గల చిన్న యంత్రమునందు, ఇతర అవసరములను లెక్కింపకున్నను, సుమారు 482 దినములలో మొత్తము నిండిపోవును. వారము దినములు పరీక్షించి చూచి "బాగుగా నడచుచున్నది" అని సంతకము చేసినవారికి దోషము కనబడదు. అది బయటపడునప్పటికి ఆ ప్రోగ్రాము వ్రాసినవాడు మరియొక శాఖకు బదిలీయై ఉండును.

ఇది ఊహాజనితమైన భయము కాదు. 1992 అక్టోబరు 26వ తేదీన లండను నగరపు అంబులెన్సు సేవకు నూతన కంప్యూటరు వ్యవస్థను పూర్తిగా ప్రవేశపెట్టిరి. ఆదినుండియు దానికి ఇక్కట్లు తప్పలేదు. నవంబరు 4వ తేదీ రాత్రి 2 గంటలు దాటిన కొద్దిసేపటికి ఆ వ్యవస్థ పూర్తిగా నిలిచిపోయెను. విచారణ జరిపినవారు 1993 ఫిబ్రవరిలో ఇచ్చిన నివేదికలో కారణము స్పష్టముగా నున్నది. సుమారు మూడు వారములకు పూర్వము ప్రోగ్రాములో ఒక మార్పు చేయుచు, కొంత భాగమును పొరపాటున అందే వదలివేసిరి. అంబులెన్సును పంపిన ప్రతిసారియు ఆ భాగము సర్వరులో కొద్దిపాటి మెమొరీని తీసికొనెడిది; అప్పగించెడిది కాదు. మూడు వారములలో చుక్క చుక్కగా మొత్తము ఖర్చైపోయెను. సహాయముగా నుంచిన ఏర్పాటు కూడ అక్కరకు రాలేదు. సిబ్బంది మరల కాగితము, కలము చేతబట్టి పని నడపవలసివచ్చెను. అవతల ఫోనులో ప్రాణాపాయమున నున్నవారు, ఇవతల నిండిపోయిన మెమొరీ! ఒక్కసారి పోయిన చోటు స్వల్పమే. కాని అట్టి స్వల్పములే కూడి ఒక మహానగరపు రక్షణ వ్యవస్థను నిలిపివేసినవి.

మన దేశమున కూడ ఇట్టి నిరంతర సేవలు ఎన్నియో కలవు. రైల్వే సమాచార వ్యవస్థల కేంద్రము, అనగా క్రిస్, 1986లో ఏర్పడెను. అది రూపొందించిన కన్సర్ట్ అను రిజర్వేషను వ్యవస్థను మొట్టమొదట 1994లో సికింద్రాబాదునందే ప్రవేశపెట్టిరి. కౌంటరు వద్ద వరుసలో నిలుచున్న ప్రయాణికునకు హీపును గురించి తెలియనక్కరలేదు. కాని అతని వెనుక పనిచేయు ప్రోగ్రాము తీసికొన్నదంతయు తిరిగి అప్పగించుచున్నదన్న విశ్వాసము మీదనే ఆ వరుస ముందుకు కదలుచున్నది.

మరమ్మతుకు మనిషి పోలేని చోట ఈ జాగ్రత్త మరింత అవసరము. 2004 జనవరిలో అంగారక గ్రహముపై దిగిన స్పిరిట్ అను అమెరికా యంత్రము, అదే నెల 21వ తేదీన మాట పలుకుట మానెను. దానిలో భద్రపరచిన ఫైళ్ళ సంఖ్య పెరిగి, వాని పట్టికకు మెమొరీ చాలక, అది మాటిమాటికి తనంత తానే పునఃప్రారంభమగుచుండెను. ఇంజనీర్లు భూమినుండియే సందేశములు పంపి, అనవసరమైన ఫైళ్ళను తొలగించి దానిని దారికి తెచ్చిరి. అంతరిక్ష నౌకల ప్రోగ్రాములు వ్రాయువారి కొరకు జెరార్డ్ హోల్జ్‌మన్ 2006లో ప్రకటించిన పది నియమములలో ఒకటి గమనింపదగినది: ప్రారంభ దశలో కావలసిన మెమొరీని తీసికొనుము, పని మొదలైన పిమ్మట మరల అడుగకుము.

ఖాళీ చేసిన క్వార్టరు

అప్పగింపకపోవుట దోషమైనట్లే, అప్పగించిన పిమ్మట వాడుటయు దోషమే. మన టౌన్‌షిప్పులో ఒక ఉద్యోగి క్వార్టరును ఖాళీ చేసి తాళములు అప్పగించెను. కాని అతని పాత తాళపు చెవికి నకలు జేబులోనే ఉన్నది. మరుసటి నెల ఆ క్వార్టరు వేరొకరికి కేటాయింపబడినది. ఇప్పుడు పాత ఉద్యోగి అలవాటు చొప్పున తాళము తీసి లోనికి పోయినచో ఏమగునో చెప్పనక్కరలేదు. "డిలీట్" చేసిన పిమ్మట పాయింటరులో పాత చిరునామా అట్లే నిలిచియుండును. ఆ చోటులో ఇప్పుడు ఎవరి సామాను ఉన్నదో మనకు తెలియదు. కావున చోటును అప్పగించిన వెంటనే పాయింటరును శూన్యము చేయుట మంచి అలవాటు.

ఒకే తాళపు చెవికి నకళ్ళు రెండు ఉండుటయు ప్రమాదమే. వ్యాగన్ల వరుసను లోపల దాచుకొన్న "రైలు" అను ఆబ్జెక్టుకు మనము నకలు తీసినచో, భాష సాధారణముగా పాయింటరును మాత్రమే నకలు చేయును, వ్యాగన్లను కాదు. ఇప్పుడు రెండు రైళ్ళు ఒకే వ్యాగన్ల వరుసను తమదిగా భావించును. రెండును తమ వంతు వచ్చినపుడు దానిని అప్పగింపబోవును. అప్పగించినదానినే మరల అప్పగించినచో హీపు లెక్కలు తారుమారగును. కాబట్టి డిస్ట్రక్టరును స్వయముగా వ్రాసినవారు, నకలు తీయు విధమును, ఒకదానిలో మరొకదానిని నింపు విధమును కూడ స్వయముగా వ్రాయవలెను. ఈ మూటిలో ఒకటి అవసరమైన చోట మూడును అవసరమే అని పెద్దలు చెప్పిన సూత్రము.

వరుస పెరిగినచో

58 వ్యాగన్లకు చోటు తీసికొన్నాము, 59వది వచ్చినది. వరుస పక్కనున్న చోటు ఇతరులకు ఇవ్వబడియుండవచ్చును గనుక దానిని సాగదీయుటకు వీలులేదు. పెద్ద చోటును కొత్తగా అడిగి, పాతవానిని అచ్చటికి చేర్చి, పాత చోటును అప్పగింపవలెను. మరి ఎంత పెద్ద చోటు అడుగవలెను?

ఒక్కొక్కటిగా పెంచుకొనుచు పోయినచో, 1,000 ఆబ్జెక్టులు చేరునప్పటికి 1 + 2 + 3 + ... + 999, అనగా 4,99,500 మారులు ఆబ్జెక్టులను ఒక చోటినుండి మరియొక చోటికి చేర్చవలసివచ్చును. అట్లుకాక, ఒక్కదానితో మొదలిడి, నిండినపుడెల్ల చోటును రెట్టింపు చేసినచో, 1 + 2 + 4 + ... + 512, అనగా 1,023 మారులతో పని ముగియును. కొంత చోటు ఖాళీగా ఉండును, నిజమే. కాని శ్రమ దాదాపు ఐదువందలవ వంతుకు తగ్గినది.

ఈ నేర్పునంతయు ప్రతివాడును స్వయముగా వ్రాయనక్కరలేకుండ "వెక్టర్" అను సిద్ధసాధనము కలదు. అలెగ్జాండర్ స్టెపనోవ్, మెంగ్ లీ అనువారు రూపొందించిన గ్రంథాలయములోని భాగమిది. 1994లో ప్రమాణ సంఘము దానిని ఆమోదింపగా, 1998లో వెలువడిన అంతర్జాతీయ ప్రమాణమున స్థానము పొందినది. వెక్టరు తనకు కావలసిన చోటును తానే అడుగును, నిండినపుడు తానే పెంచుకొనును, తన పని ముగిసినపుడు తానే అప్పగించును. నకలు తీసినచో వ్యాగన్లకు కూడ నకలు తీయును. 2011 నాటి ప్రమాణము "యూనిక్ పాయింటర్" అను మరియొక సాధనమును ఇచ్చినది. ఒక చోటుకు యజమాని ఒక్కడే ఉండవలెనని అది పట్టుబట్టును. ఆ యజమాని తెరమరుగైనప్పుడు చోటు దానంతటదే అప్పగింపబడును.

"ఇవి ఉండగా న్యూ, డిలీట్‌ల గొడవ మాకెందుకు?" అని పిల్లలు అడుగవచ్చును. ఉద్యోగములో వెక్టరునే వాడుడని మేమును చెప్పుదుము. ఐతే వెక్టరు పెరిగినపుడు వ్యాగన్లన్నియు కొత్త చోటికి మారును. పాత చిరునామాలను పట్టుకొని కూర్చున్నవారు ఖాళీ చేసిన క్వార్టరులోనికే పోవుదురు. లోపల ఏమి జరుగుచున్నదో తెలియనివారికి ఈ ప్రమాదము కనబడదు. బ్రేకులు వాటంతటవే పడు ఏర్పాటు ఉన్నను, ఎల్.వి. పలకను చూచుట ఎందుకో తెలిసిన గార్డు విలువ తగ్గదు కదా.

ఇంట చేయదగిన అభ్యాసము

పిల్లలు ఈ చిన్న ప్రయోగమును చేసి చూడవలెనని మా కోరిక. "వ్యాగను" అను క్లాసును వ్రాసి, కన్‌స్ట్రక్టరులో "కట్టితిని" అనియు, డిస్ట్రక్టరులో "విప్పితిని" అనియు తెరపై అచ్చగునట్లు చేయుడు. ప్రతి వ్యాగనుకు నిర్మాణ క్రమమున ఒక సంఖ్యను ఇచ్చి, దానిని కూడ అచ్చువేయుడు. "న్యూ" చేత మూడు వ్యాగన్ల వరుసను తెప్పించి, బ్రాకెట్లు గల "డిలీట్" చేత అప్పగింపుడు. కట్టితిని అను పంక్తులు మూడు, విప్పితిని అను పంక్తులు మూడు రావలెను. కట్టిన క్రమము 1, 2, 3 కాగా విప్పిన క్రమము 3, 2, 1 కావలెను.

పిమ్మట బ్రాకెట్లను తీసివేసి మరల నడపుడు. ఎన్ని పంక్తులు తగ్గినవో, ప్రోగ్రాము ఏమని మొరపెట్టినదో చూడుడు. మూడవసారి "డిలీట్" పంక్తినే తొలగింపుడు; ఈసారి ఏ మొరయు వినబడదు. ఆ నిశ్శబ్దమే అన్నిటికన్న ప్రమాదకరమైనది. దానిని పట్టుటకు వాల్‌గ్రిండ్ అను ఉచిత సాధనము 2002 నుండి అందుబాటులో కలదు. ఎన్ని బైట్లు తీసికొనబడి అప్పగింపబడలేదో అది లెక్క చెప్పును. ఆ లెక్క సున్న వచ్చువరకు ప్రోగ్రాము పూర్తియైనదని అనుకొనరాదు.

వచ్చే సంచికలో, ఒకే పేరు గల ఆజ్ఞ వేర్వేరు ఆబ్జెక్టుల చేత వేర్వేరు పనులను ఎట్లు చేయించునో ముచ్చటించుకొందము.